లోపలి గదిలో లెక్క

మా ఆఫీసులో సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ పని చేసింది ఉప్పుకాగితం. బీరువాకి రంగు వేసేముందు తుప్పు రుద్దే కాగితమే అది. మేం తయారుచేసే ప్రతి ఎలక్ట్రానిక్ కార్డు మీదా ఏడెనిమిది చిప్పులుండేవి. ప్రతి చిప్పు వీపు మీదా ఒక నంబరు అచ్చువేసి ఉంటుంది. ఆ నంబర్లు తెలిస్తే చాలు, కాస్త బుర్రున్నవాడెవడైనా అవే చిప్పులు కొనుక్కొచ్చి మా కార్డుకి కవలపిల్లను పుట్టించేయగలడు. అందుకని కార్డు గుమ్మం దాటేలోగా నంబర్లన్నీ రుద్ది చెరిపేయాలని మా సారు ఆర్డరు.

ఒకసారి ఒక కార్డు రిపేరుకి తిరిగొచ్చింది. రెండు చిప్పులు మాడిపోయాయి. ఏవో చూద్దామంటే గుండు చేయించుకున్న తలల్లా నున్నగా ఉన్నాయి. ఏ స్థానంలో ఏ నంబరో రాసిన జాబితా సారు చొక్కా జేబులో ఉండే చిన్న డైరీలో ఉండేది, రహస్యం కదా మరి. ఆ చొక్కా అంతకుముందు వారమే డైరీతో సహా ఉతుక్కి వెళ్లొచ్చింది. మా కార్డులో మేం ఏం పెట్టామో కనుక్కోవడానికి మాకే మూడు రోజులు పట్టింది. మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఇదేనని నేను పైకే అనేశాను. సారుకి కోపం వచ్చింది. అయినా ఉప్పుకాగితం మానలేదు, డైరీ మాత్రం జేబులోంచి బీరువాలోకి మారింది.

ఇదంతా రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, విశాఖ దొండపర్తిలో ఒక మేడమీది రెండు గదుల్లో జరిగింది. నేను ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి. నాన్న గోదావరి జిల్లా నుంచి ప్లాంటులో ఉద్యోగానికి వచ్చారు, ఆయన షిఫ్టును బట్టే మా ఇంట్లో టీవీ మోతా, అమ్మ కేకలూ ఉండేవి. ఇంజనీరింగ్ పూర్తయ్యాక నా స్నేహితులంతా హైదరాబాద్ బస్సెక్కితే నేను మాత్రం విశాఖలోనే ఉండిపోయాను. సముద్రం మీద ప్రేమ అని అందరికీ చెప్పేవాణ్ణి. నిజానికి ఇంటర్వ్యూల్లో నోరు పెగలదు, అంతే. రుషికొండ మీద అప్పటికి సాఫ్ట్‌వేర్ కంపెనీలు రాలేదు. నాకు దొరికింది ఈ మేడమీది రెండు గదులే.

సారుది కృష్ణా జిల్లా. పోర్టులో ఉద్యోగం చేసి, మానేసి, సొంతంగా ఈ సంస్థ పెట్టుకున్నారు. మొదట్లో ఆయన చేసిన ఒక కార్డును ఎవరో అచ్చుగుద్దినట్టు చేసి అమ్ముకున్నారట. అప్పట్నుంచి ఆయనకు లోకమంతా దొంగలే. టీ కప్పు పట్టుకొచ్చిన మనిషి ముందు కూడా టేబుల్ మీది కాగితం బోర్లించేవారు.

మూడోవాడు బావ. నాకు నిజంగా బావేమీ కాడు. ఇక్కడ మగవాళ్లు ఒకరినొకరు అలా పిలుచుకోవడం మామూలే. చిన్నప్పుడు మొదటిసారి బస్సు కండక్టరు నన్ను "బావా, జరుగు" అంటే, ఇతనికి మా ఇంట్లో ఎవరినిచ్చి పెళ్లి చేశారా అని ఆలోచించాను. ఈ బావ నాకంటే పదేళ్లు పెద్ద. భీమిలి వైపు సముద్రం ఒడ్డు ఊరు, వేటకెళ్లే కుటుంబం. ఐటీఐ చదివాడు. కార్డులన్నీ అతని చేతుల్లోనే తయారయ్యేవి. మా సంస్థకు ప్రాణమైన లెక్క కూడా అతనిదే.

ఆ లెక్క సంగతి చెప్పాలి. పోర్టు పక్క ఒక ప్రైవేటు యార్డులో బొగ్గు వ్యాగన్లు తూచే పని మాది. పట్టాలో ఒక చిన్న ముక్క కింద తూకం యంత్రం ఉంటుంది. ఇంజను వ్యాగన్లను నడక వేగంతో దాని మీదుగా లాగుతుంది. ఆగదు, ఆగితే మరి రోజంతా అదే పని. వ్యాగన్ కదులుతూ వెళ్తుంటే బరువు అంకె పూనకం వచ్చినట్టు ఊగుతుంది. చక్రం ఎక్కినప్పుడు ఎక్కువ చూపిస్తుంది, వెనక వ్యాగన్ గుంజితే తక్కువ చూపిస్తుంది. ఈ ఊగే అంకెల్లో ఏవి పారేయాలి, ఏవి ఉంచుకోవాలి? పెద్ద చదువులవాళ్లు సగటు తీసి ఊరుకున్నారు, ఒక్కో వ్యాగన్‌కి టన్నేసి తేడా వచ్చింది.

బావ రెండు వేసవులు ఆ పట్టాల పక్కన నల్ల గొడుగు వేసుకుని కూర్చున్నాడు. లాంగ్ నోట్‌బుక్కులో అంకెలు రాసుకున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ రొయ్యల తట్టను స్ప్రింగు త్రాసుకి తగిలించినప్పుడు, కొనేవాడి మనిషి ముల్లు తక్కువ వైపు ఊగిన క్షణాన్నే పట్టుకుని తూకం చదివేయబోతే, "ఆగనీ, దాన్ని ఆగనీ" అని చెయ్యి అడ్డం పెట్టేదట. తట్టయితే ఆగుతుంది, రైలు ఆగదు కదా. ఆగకుండానే ఆగినట్టు ఎలా చదవాలో ఆ రెండు వేసవుల్లో కనిపెట్టాడు. వేగాన్ని బట్టి ఎన్ని అంకెలు వదలాలి, గుంజుడు వచ్చినప్పుడు ఏం కలపాలి, ఏం తీయాలి, అన్నీ తేల్చాడు. ఆ నోట్‌బుక్కుని పాలిథిన్ కవరులో చుట్టి దాచుకున్నాడు.

దాచుకోవడానికి అతనికీ ఒక కారణం ఉంది. అంతకుముందు పని చేసిన వర్క్‌షాపులో అతను కనిపెట్టిన ఒక చిన్న ఉపాయాన్ని ఓనరు మేనల్లుడు తనదని చెప్పుకుని శాలువా కప్పించుకున్నాడు. బావ ఆ సభలో కుర్చీలు వేశాడు. అందుకే లెక్క చేతికిచ్చేముందే సారుకి చెప్పాడు, "లెక్క ఇత్తాను సార్. ఎవుడికీ సూపించకండి. నా కాడ ఉన్నది అదొక్కటే" అని. సారు చెయ్యి మీద చెయ్యి వేసి మాటిచ్చారు. ఆ విషయంలో ఇద్దరికీ జోడీ బాగా కుదిరింది. లోకంలో ఆ లెక్క తెలిసింది మా ముగ్గురికే. అది నడిచేదీ ఒక్కచోటే, ఆ యార్డులో మా కార్డున్న కంప్యూటర్లోనే.

నేను చేరాక ఆ కంప్యూటర్ని లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంకి మార్చాను. అప్పట్లో కంప్యూటర్ పత్రికతోపాటు దాని సీడీ ఉచితంగా ఇచ్చేవాళ్లు. దాని కోడంతా తెరిచే ఉంటుందనీ, ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు అనీ చెబితే సారు నమ్మలేదు. "ఎవరో రాసింది మనం ఊరికే చూడొచ్చా? పాపం, వాళ్లకి ఉప్పుకాగితం లేదా?" అన్నారు, నిజంగా జాలిపడుతూనే.

లినక్స్‌లో అన్నిటికంటే లోపల కెర్నెల్ ఉంటుంది. డిస్కునీ, మెమరీనీ, తెరనీ నడిపించే మూల ప్రోగ్రాం అది. మా కార్డులాంటి కొత్త వస్తువును కెర్నెల్ గుర్తుపట్టాలంటే ఒక మాడ్యూల్ రాసి అందులోకి ఎక్కించాలి. మాడ్యూల్ లోపల కూర్చుని, తనకు కావలసిన సదుపాయాలను కెర్నెల్ని పేరుపెట్టి అడిగి వాడుకుంటుంది. నేను మాడ్యూల్ రాసి, లెక్క ఎక్కడ పెట్టాలని సారుని అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నగలు వీధి గదిలో పెడతామా? బాగా లోపలి గదిలో పెట్టవయ్యా" అన్నారు. అంతకంటే లోపలి గది లేదు కాబట్టి లెక్కను కెర్నెల్ మాడ్యూల్లోనే పెట్టాను. కెర్నెల్లో దశాంశాలు వాడకూడదు. అందుకని బావ అంకెలన్నిటినీ వెయ్యితో హెచ్చవేసి, చివర్లో భాగించి, నానా తంటాలు పడ్డాను. పడుతూ చాలా గర్వపడ్డాను. ఆ వయసులో కష్టమైన పనంటే గొప్ప పనేననుకునేవాణ్ణి.

మూడేళ్లు హాయిగా నడిచింది. తర్వాత బొగ్గు ధూళి మింగి మింగి ఆ కంప్యూటర్ కన్నుమూసింది. కొత్తది కొన్నారు, దానికి కొత్త కెర్నెల్ కావాల్సి వచ్చింది. మాడ్యూల్ ఎక్కించబోతే ఎక్కనని మొండికేసింది. ఫలానా సదుపాయం దొరకలేదని తెర మీద రాసింది. ఇదేం చోద్యం, నిన్నటిదాకా ఉందిగా అని కెర్నెల్ కోడు తెరిచి చూశాను. ఆ సదుపాయం అక్కడే ఉంది. కానీ ఇప్పుడు అది అందరికీ కాదట. తన కోడును కూడా తెరిచి పంచుతానని ఒప్పుకున్న మాడ్యూళ్లకు మాత్రమేనట. ఆ ఒప్పుకోలును మాడ్యూల్లోనే ఒక వరసలో రాయాలి, ఇది ఏ లైసెన్సు కింద రాసింది అని. మాది మూసి ఉంచిన సరుకని నేను ఆ వరసలో నిజాయితీగానే రాసి ఉన్నాను. అలాంటి మాడ్యూల్ ఎక్కిన కెర్నెల్ మీద ఒక గుర్తు కూడా పడుతుంది. ఆ గుర్తున్న కెర్నెల్లో ఏం పాడైనా, దాన్ని రాసినవాళ్లు పట్టించుకోరు.

ఇదంతా విని బావ తేలిగ్గా తేల్చాడు. "అంటే మైల పడిందన్నమాట. మైలింట్లో ఎవుడూ బోయినం సెయ్యడు గదా."

"మైల అనే పదం వాళ్లకి తెలీదు బావా" అన్నాను.

"పదం తెలకపోతేటి, పద్దతి తెలుసు గదా" అన్నాడు.

సారు మాత్రం గదిలో నాలుగడుగులు అటూ ఇటూ వేసి, "ఆ ఒక్క వరస మార్చేయ్. తెరిచే పంచుతామని రాసేయ్" అన్నారు.

"పంచుతామా సార్?"

"ఎందుకు పంచుతాం? బోర్డు మీద శాకాహారమని రాసి లోపల చేపల పులుసు వండే హోటళ్లు లేవా? అడిగేదెవరు?"

నేను మొహమాటపడ్డానని రాసుకుంటే బాగుండేది. పడలేదు. ఆ వరసలో పాత మాట కొట్టేసి తెరిచి పంచే లైసెన్సు పేరు మూడక్షరాలు రాశాను, మాడ్యూల్ గంగిరెద్దులా తలూపి లోపలికి వెళ్లి కూర్చుంది. గుర్తు పడలేదు. ఆ సాయంత్రం ముగ్గురం బీచిలో ముంత మసాలా తిన్నాం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

యార్డు ఇంజనీరు ఒక షరతు పెట్టాడు. కొత్త కంప్యూటర్ నెల రోజులు ఆగకుండా నడవాలి, లేదంటే మీ కార్డు మీరు పట్టుకుపోండి, వేరేవాళ్ల యంత్రం తెప్పించుకుంటాం అన్నాడు. అది తీసేస్తే సారు మళ్లీ వోల్టేజి స్టెబిలైజర్లు చేసుకుని బతకగలరు. నాకు ఇంకెక్కడో ఉద్యోగం దొరుకుతుంది. బావ లెక్కకు మాత్రం ఇక నడిచే చోటే ఉండదు. పాలిథిన్ కవర్లోకి వెళ్లిపోతుంది, అంతే.

ఐదో రోజున కంప్యూటర్ బిగుసుకుపోయింది. పట్టాల మీద వ్యాగన్లు పోతూనే ఉన్నాయి, బరువు రాసేవాడు లేడు. మళ్లీ వెనక్కి తెచ్చి తూచాల్సి వచ్చింది. యార్డు ఇంజనీరు అరిచిన అరుపులకి ఇంజను డ్రైవరు కూడా తల బయటపెట్టి చూశాడు. ఇంజనీరు కాసేపటికి చల్లబడి, ఇంకో నెల గడువిస్తాను అన్నాడు. నాలుగు రోజులకి మళ్లీ బిగుసుకుంది. ఈసారి ఆయన అరవలేదు, బాగుచేసుకొచ్చి మళ్లీ నెల నడిపి చూపించండి, ఇదే ఆఖరు అని మెల్లిగా అన్నాడు. అందుకే భయమేసింది.

బిగుసుకున్న ప్రతిసారీ తెర నిండా అంకెలూ అక్షరాలూ వచ్చేవి. తప్పెక్కడో వాటిలో ఉంటుంది. ఫోటో తీసే ఫోన్లు మా దగ్గర లేవు. తెర మీది బొగ్గు తుడిచి బావ ఒక్కొక్కటీ చదువుతుంటే నేను కాగితం మీద రాసుకున్నాను. "సీ, జీరో, ఒకటి, బీ... బీయో, ఎనిమిదో తెలట్నేదు బావా" అంటూ అరగంట చదివాడు. నాకు ఏమీ అర్థం కాలేదు. ఆ కాగితాన్ని టైపు చేసి, కెర్నెల్ రాసేవాళ్లు నెట్‌లో ఉత్తరాలు రాసుకునే చోటికి పంపాను.

మర్నాడు ఉదయం మోడెం కీచుమని కలవగానే జవాబు ఉంది. ఎక్కడో మంచు దేశంలో ఉన్న మనిషి. కెర్నెల్లో ఆ భాగం చూసుకునేది ఆయనే. మా కెర్నెల్ మీద గుర్తు లేదు కాబట్టి మడిగట్టుకున్నవాళ్లమే అనుకుని ఎంతో ఆదరంగా రాశాడు. ఇది చేసి చూడు, అది చేసి చెప్పు అన్నాడు. ఇద్దరం ఆరు రోజులు ఉత్తరాలు రాసుకున్నాం. ఆదివారం కూడా రాశాడు. తన దగ్గరున్న పాత కంప్యూటర్ మీద రోజంతా ప్రయత్నించినా బిగుసుకోలేదట. చివర ఇలా ఉంది: ఈ మధ్య ఆ భాగంలో నేనే మార్పులు చేశాను, తప్పు నాదే అయ్యుండవచ్చు, మీ తూకం ఆగినందుకు క్షమించు. మీ మాడ్యూల్ ఎలాగూ తెరిచి ఉంచిందే కదా, ఒకసారి దాని కోడు పంపు.

ఆ మాటలు మళ్లీ చదివాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అబద్ధం రాసినప్పుడు అది ఒక యంత్రానికి చెప్పిన అబద్ధమనుకున్నాను. దాని వెనక ఆదివారం పూట కూర్చుని, చెయ్యని తప్పుకి క్షమాపణ అడిగే మనిషి ఒకడుంటాడని అనుకోలేదు.

సారుకి చెప్పాను. కోడు పోయిందని రాయమన్నారు. వద్దన్నాను. లెక్క తీసేసి మిగతాది పంపమన్నారు. తప్పు ఆ లెక్క రాసిన చోటే ఉంటే సగం పంపి ఏం లాభం అన్నాను. ఎవరో ముక్కూమొహం తెలియనివాడికి మన గుట్టంతా ఇస్తావా అని కేకలేశారు. "ముక్కూమొహం తెలియనివాడే సార్ మనకోసం ఆదివారం కూర్చుంది" అని నేనూ అరిచాను. సారు మీద నోరు చేసుకోవడం అదే మొదలు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మెల్లిగా అన్నారు. "నేనివ్వమంటే అయ్యేది కాదయ్యా. మాటిచ్చాను. అది అతనిది. అతన్నడుగు."

ఆ రోజు బావ సెలవులో ఉన్నాడు. బస్సెక్కి వాళ్ల ఊరెళ్లాను. ఒడ్డున తన తమ్ముడితో కలిసి చిరిగిన వల బాగుచేస్తున్నాడు. పక్కన ఇసకలో కూర్చుని అన్నీ చెప్పాను. చేతులు ఆపకుండానే విన్నాడు.

"ఆదివారవేనా కూకున్నాడు?"

"ఆదివారమే."

"తప్పు తనదేమో అన్నాడా?"

"క్షమించమని కూడా రాశాడు."

చేతిలో నూలు కండె కింద పెట్టాడు. "మనం మైల దాసీసి పెళ్లి బోయినానికి కూకున్నాం బావా. ఆడు మనకి కొసరి కొసరి వడ్డిత్తన్నాడు" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని తమ్ముడు మాత్రం మా ఇళ్లలో ఎవరు పోయారో అర్థం కాక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

కండె మళ్లీ అందుకుని, "పంపీ. మొత్తం పంపీ. మనం సేసిందీ రాసీ" అన్నాడు. నేను లేస్తుంటే చొక్కా పట్టుకుని ఆపాడు. "నా లెక్క సూసి ఆడేటంటాడో నాకు సెప్పాల. పెద్దోడు గదా, తెలుత్తాది ఆడికి."

పంపాను. లైసెన్సు వరసలో అబద్ధం రాశామని, మీకు తెలియకుండా మీ శ్రమ తీసుకున్నామని, క్షమించమని రాశాను. రెండు రోజులు జవాబు లేదు. ఆ రెండు రోజులూ బావ వచ్చీరాగానే నా మొహం చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి.

మూడో రోజు వచ్చింది. మొదటి వాక్యంలో తిట్టాడు. నీ ఒక్క వరస వల్ల నా వారం పోయింది, ఇంకెప్పుడూ ఎవరికీ ఇలా చేయకు అన్నాడు. రెండో వాక్యంలో చెప్పినందుకు మెచ్చుకున్నాడు. తర్వాత తప్పెక్కడో చూపించాడు. తప్పు ఆయనది కాదు, బావది అసలే కాదు, నాది. కెర్నెల్లో ఒకేసారి ఇద్దరు ఒకే చోట చెయ్యి పెట్టకుండా తాళాలుంటాయి, అలాంటి తాళం చేతిలో ఉన్నంతసేపూ ఆగి ఎదురుచూసే పని ఏదీ చేయకూడదు. నేను తాళం పట్టుకుని మెమరీ అడిగాను. మెమరీ వెంటనే దొరికితే సరే, దొరకని రోజున నేను తాళంతో నిద్రపోయేవాణ్ణి, మిగతా ఊరంతా గుమ్మం బయట నిలబడేది. ఒక్క వరస మారిస్తే సరిపోయింది.

చివర ఇంకో మాట రాశాడు. మీ తూకం లెక్కంతా కెర్నెల్లో ఎందుకు పెట్టారు? ఇది కెర్నెల్ పని కాదు. మాడ్యూల్ కార్డు నుంచి అంకెలు తెచ్చి బయటికి ఇస్తే చాలు. లెక్కను బయట మామూలు ప్రోగ్రాంలో పెట్టుకోండి, దాన్ని తెరుచుకుంటారో మూసుకుంటారో మీ ఇష్టం, మాకు సంబంధం లేదు.

చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వీధి గదిలో పెట్టుకుని ఎంచక్కా తాళం వేసుకోవాల్సినదాన్ని, తలుపులే ఉండకూడని లోపలి గదిలోకి తీసుకెళ్లి, అక్కడ తలుపు బిగించడానికి అబద్ధమాడాం. సారు ఎగిరి గంతేశారు. మాడ్యూల్ని నిజంగానే తెరిచి పంచాం, ఆయన సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నారు. లెక్క బయటి ప్రోగ్రాంలోకి మారింది. దశాంశాలతో, నా హెచ్చవేతలు లేకుండా, బావ నోట్‌బుక్కులో ఎలా ఉందో అలాగే కూర్చుంది. కంప్యూటర్ ఆ నెలంతా ఒక్కసారి కూడా ఆగలేదు. యార్డు ఇంజనీరు కాగితం మీద ముద్ర వేసి, నాకు టీ ఇప్పించాడు.

ఆ ముద్ర పడేదాకా ఓపిక పట్టిన బావ, సంబరమంతా అయ్యాక నా టేబుల్ దగ్గరికొచ్చాడు. "అదంతా సరే. నా లెక్క గురించేటన్నాడు?"

ఈ ప్రశ్న కోసం భయపడుతూనే ఉన్నాను. చాలా బాగుందన్నాడని చెప్పొచ్చు, ఒక్క మాటతో పోయేది. కానీ అప్పటికే నా వాటా అబద్ధాలు అయిపోయాయి. "ఏమీ అనలేదు బావా. చదివినట్టు కూడా లేదు. తన పని కాదని బయట పెట్టుకోమన్నాడు" అన్నాను.

తలూపాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇన్నేళ్లు దాసినాను. దొంగతనానికి ఎవుడూ రాలేదు. సూడ్డానికీ ఎవుడూ రాలేదు" అన్నాడు. ఏ మాత్రం కోపం లేకుండా అన్నాడు, అందుకే నాకు తట్టుకోవడం కష్టమైంది.

రెండు రోజుల తర్వాత తనే సారు దగ్గరికెళ్లి, లెక్కను కూడా తెరిచి పెట్టేయమన్నాడు. సారు నా వైపు, గోడ వైపు, బీరువా వైపు చూశారు. వాదించడానికి నోరు తెరిచి, "నీ వస్తువు. నీ ఇష్టం" అని మూసుకున్నారు. నేను నోట్‌బుక్కు మొత్తాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ప్రోగ్రాంతో సహా నెట్‌లో పెట్టాను. పైన అతని పేరు, ఇంటిపేరు, ఊరు. సంస్థ పేరు కూడా రాయనా అంటే సారే వద్దన్నారు. ఆయన్ని నేను చాలా తిట్టుకున్నాను గానీ, ఆ ఒక్క మాటకి ఇప్పటికీ దండం పెడతాను.

ఆ తర్వాత నెలలకు నెలలు ఏమీ రాలేదు. బావ మొదట రోజూ అడిగేవాడు, తర్వాత వారానికోసారి, తర్వాత అడగడం మానేశాడు. ఇక ఎవరూ చూడరని నేనూ అనుకున్నాను. ఒక ఉదయం ఉత్తరం వచ్చింది, బావ పేరు మీద, ఇంటిపేరుతో సహా. ఎక్కడో చెరకు మోసే వ్యాగన్లను పట్టాల మీద తూచే చోటు నుంచి ఎవరో రాశాడు. మీ పద్ధతి వాడుతున్నామనీ, ఇంజను ముందు నుంచి లాగితే బాగానే ఉందనీ, వెనక నుంచి తోసినప్పుడు మాత్రం గుంజుడు లెక్క రెండుసార్లు తీసేస్తున్నారనీ, ఇది పొరపాటేమో చూడమనీ రాశాడు.

నేను తెలుగులో చెప్పాను. బావ పాలిథిన్ కవర్లోంచి నోట్‌బుక్కు తీసి, చివరి పేజీలకు వెళ్లి, పెన్సిలు పట్టుకున్నాడు. పావుగంట లెక్క వేశాడు. మా యార్డులో ఇంజను ఎప్పుడూ ముందే ఉంటుంది, తోయడమన్నది అతను చూడనే లేదు. తల పైకెత్తేసరికి మొహమంతా నవ్వు.

"ఈడు కరెస్టే బావా! సివరి పేజీ దాకా సదివినాడు. అక్కడిదాకా రాకపోతే ఈ తప్పు దొరకదు. సదివినాడు!" అని సారు గదిలోకి కేకేశాడు. సారు పరుగున వచ్చి, తప్పు దొరికితే ఈ సంబరమేమిటో తెలియక గుమ్మంలో నిలబడిపోయారు.

జవాబు రాయడానికి కూర్చున్నాను. మర్యాదగా ఉంటుందని, మా సంస్థలో జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాం అని మొదలుపెట్టి, పైకి చదివి అర్థం చెప్పాను. బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సంస్తేటి? సంస్త సేసిందా లెక్క? తప్పు నాది. నా పేరు రాసి, నాదేనని రాయి" అన్నాడు.

రాసింది చెరిపేసి, అతను చెప్పినట్టే రాశాను.